వెలిగినవన్నీ క్యాన్సర్ కాదు

"గంటసేపు నోరు తెరవకూడదంట! దానికంటే ఆ సూదే నయం" అంది మా వదిన.

నాకు నవ్వొచ్చింది. ఆ సమయంలో నవ్వేమిటని మీరనుకోవచ్చు. పాత గుంతకల్లులో మా అన్న కిరాణా అంగడిలో కూర్చుని, పొద్దున తలుపులు తీసింది మొదలు రాత్రి మూసేదాకా వచ్చేపోయే వాళ్ళందరితో లోకాభిరామాయణం చెప్పే మనిషి మా వదిన. ఆవిణ్ణి హైదరాబాద్‌లో ఓ పెద్దాసుపత్రి కింది అంతస్తులో, చిన్న గదిలో పడుకోబెట్టి 'మాట్లాడొద్దు, కదలొద్దు, ఫోను చూడొద్దు' అంటే నవ్వు రాదూ మరి! నవ్వుతున్నామే గాని ఇద్దరికీ గుండెల్లో దడ తగ్గలేదు.

అది పెట్-సీటీ స్కాన్ చేసే చోటు. డిగ్రీ చదివాను, నాలుగు కథలు రాశాను గాని, ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు పెట్ అంటే కుక్కపిల్లలకీ పిల్లిపిల్లలకీ సంబంధించినదేమో అనుకున్న తెలివి నాది. ఆ తర్వాత రెండు వారాల్లో దాని గురించి నేర్చుకున్నది మీకూ చెప్పాలనిపించింది. ఎందుకంటే, ఆ స్కాను కాగితాన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్ల మేము వైద్యమే వద్దనుకుని రైలెక్కబోయాం.

దాచిపెట్టిన నాలుగు నెలలు

పోయిన ఏడాది శివరాత్రినాడు తలంటు పోసుకుంటుంటే వదిన చేతికి ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గట్టిగా తగిలిందట. నొప్పి లేదు. 'కూతురి పురుడు కానీ' అనుకుంది. పురుడయ్యాక 'బాలింతని అత్తవారింటికి పంపించి చూసుకుందాం' అనుకుంది. మన ఆడవాళ్ళకి వాయిదాలకి కొదవా! ఆషాఢం వచ్చేసరికి అది నిమ్మకాయని దాటింది. అప్పుడు చెప్పింది నాకు, అదీ అన్నకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. ఆ ఒట్టు నేను ఆ సాయంత్రమే తీసి గట్టున పెట్టాను.

మా ఊరి డాక్టరమ్మ చూసి, చంకలో కూడా బిళ్ళలు తగులుతున్నాయంది. అనంతపురంలో సూదితో ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరేనని తేలింది. అక్కణ్ణించి హైదరాబాద్. అక్కడి క్యాన్సర్ డాక్టరు గారు అన్నీ చూసి, "గడ్డ అయిదు సెంటీమీటర్లు దాటింది. మందులు మొదలుపెట్టేలోగా ఇది ఇక్కడితో ఆగిందా, ఇంకెక్కడికైనా పాకిందా తెలియాలి. పెట్-సీటీ చేయించండి" అన్నారు.

"రొమ్ము క్యాన్సర్ అయితే అందరికీ ఇది చేస్తారా సార్?" అనడిగాను.

"లేదమ్మా. గడ్డ చిన్నదై, చంకలో ఏమీ లేకపోతే మామూలుగా దీని అవసరం ఉండదు. పాకి ఉండొచ్చన్న అనుమానానికి కారణం ఉన్నప్పుడే" అన్నారాయన.

కలుపు ముందు తాగే నీళ్ళు

మన అనంతపురం జిల్లాలో శనక్కాయ చేను చూసినవాళ్ళకి ఈ స్కాను సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. వానలేక చేనంతా వాడిపోయి ఉన్నప్పుడు ఒక్క పదును పడిందంటే మొక్కకన్నా ముందు తుంగా గరికా తాగేసి పచ్చగా లేస్తాయి కదా! క్యాన్సర్ కణాలూ అంతే. మామూలు కణాలకన్నా ఆబగా చక్కెర తింటాయి. ఈ సంగతిని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు.

దాన్ని ఆధారం చేసుకుని, చక్కెరలాంటి ఒక పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్‌ని జతచేసి నరంలోకి ఎక్కిస్తారు. దాని పేరు ఎఫ్‌డీజీ. కణం దాన్ని చక్కెరేననుకుని లోపలికి లాక్కుంటుంది. కానీ మామూలు చక్కెరలా అరిగించుకోలేదు. అది లోపలే చిక్కుకుపోతుంది. ఎక్కడ ఎక్కువ చిక్కుకుందో అక్కడ స్కానులో వెలుగు కనిపిస్తుంది. అది పెట్. ఆ వెలుగు ఒంట్లో ఏ అవయవంలో, ఏ మూల ఉందో కొలతలతో చూపించేది సీటీ. ఒకటి పచ్చదనం చూపిస్తే, ఇంకొకటి చేను హద్దులు చూపిస్తుందన్నమాట. ఈ రెండింటినీ ఒకే యంత్రంలో కలిపి 1998లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొదటి నమూనా నడిపించారు. డేవిడ్ టౌన్‌సెండ్, రోనాల్డ్ నట్ అనే ఇద్దరు దీని వెనక ఉన్నారు. మన దేశంలో మొదటి పెట్-సీటీ 2004లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రికి వచ్చింది.

గంటా యాభై నిమిషాల మందు

"నాలుగు దిక్కులకీ రైళ్ళు పోయే జంక్షన్ మనది. ఈ స్కాను ఒకటి మన ఊళ్ళో పెట్టకూడదా?" అని మా అన్న విసుక్కున్నాడు. రైల్వేలో పనిచేసే మా ఆయన దానికి తన లెక్కలోనే జవాబు చెప్పారు.

ఈ మందుని సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంతో తయారుచేస్తారు. మన దేశంలో వైద్యం కోసం మొదటి సైక్లోట్రాన్ 2002లో ముంబైలో, భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్లో నడిచింది. తయారైన మందు నిలవ ఉండదు. ప్రతి 110 నిమిషాలకీ, అంటే గంటా యాభై నిమిషాలకీ దాని శక్తి సగమైపోతుంది. రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌లో గుంతకల్లు నుంచి హైదరాబాద్‌కి ఏడు గంటల పైచిలుకు ప్రయాణం. అంతసేపట్లో రూపాయి ఎత్తు మందు అణా ఎత్తుకి వచ్చేస్తుంది! అందుకే సైక్లోట్రాన్ ఉన్న నగరాల్లోనో, పొద్దున్నే మందు తెప్పించుకోగలిగిన ఊళ్ళలోనో ఈ స్కానులు ఉంటాయి. మన సీమవాళ్ళకి తిరుపతి స్విమ్స్‌లో కూడా న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది.

ఇంకో సంగతి. చెప్పిన టైముకి వెళ్ళకపోతే మన పేరున వచ్చిన మందు మన కోసం ఆగదు. రైలు ఆలస్యమవుతుందన్న భయంతో మేము ఒకరోజు ముందే వెళ్ళి, కూకట్‌పల్లిలో వదిన కూతురింట్లో దిగాం.

ఆ రోజు ఏం చేశారంటే

స్కానుకి ఆరు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు. కాఫీ, టీ, చూయింగ్ గమ్ములాంటివి పనికిరావు. ముందురోజు బరువు పనులు, పరుగులు వద్దన్నారు, ఎందుకంటే అలసిన కండ కూడా చక్కెర లాక్కుంటుంది. వెళ్ళగానే వేలు గుచ్చి షుగరు చూశారు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే మందు చక్కెరకి కణాల్లో చోటు దొరకదు, బొమ్మ సరిగా రాదు. షుగరు జబ్బున్నవాళ్ళు తమ మాత్రలూ ఇన్సులిన్ ఎలా వాడాలో ముందే అడిగి తెలుసుకోవాలి. గర్భంతో ఉన్నా, ఉన్నామేమోనన్న అనుమానం ఉన్నా, పాలిచ్చే తల్లులైనా సిగ్గుపడకుండా చెప్పి తీరాలి.

ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. తాళి తీయాలనేసరికి వదిన ముఖం వాడిపోయింది. ముందే ఎవరో చెప్పబట్టి, దారానికి పసుపుకొమ్ము కట్టి తీసుకెళ్ళాను. అది మెళ్ళో వేశాక స్థిమితపడింది.

మందు ఎక్కించాక ఓ గంట కదలకుండా పడుకోవాలి. మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయట. అందుకే ఆ మౌనవ్రతం! చలేస్తే మెడా భుజాల దగ్గరుండే ఒక రకం కొవ్వు వెచ్చదనం కోసం చక్కెర తినేస్తుందట. అందుకని దుప్పటి కప్పారు. మీరు వెళ్తే ఓ శాలువా పట్టుకెళ్ళండి. ఆ తర్వాత మూత్రానికి వెళ్ళొచ్చి, యంత్రం బల్ల మీద సుమారు అరగంట పడుకోవడమే. నొప్పంటూ ఉంటే మొదటి సూది నొప్పే.

బయట వరండాలో ఆదోని నుంచి వచ్చిన తండ్రీకొడుకులు కలిశారు. అబ్బాయికి లింఫోమా. రెండు విడతల కీమో అయ్యాక, మందు పనిచేస్తోందో లేదో చూడ్డానికి వచ్చారు. జబ్బు ఎక్కడుందో చూడ్డమే కాక, తగ్గుతోందా లేదా అని చూడ్డానికి కూడా ఇది వాడతారని అప్పుడే తెలిసింది.

సాయంత్రం ఇంటికెళ్ళగానే మనవడి కోసం చేతులు చాచింది వదిన. స్కానయ్యాక కొన్ని గంటలు పసిపిల్లలకీ గర్భిణులకీ దూరంగా ఉండమన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు. గుమ్మం అవతల నుంచి వాణ్ణి చూస్తూ రాత్రి దాకా కూర్చుంది.

'నాలుగో స్టేజీ' అన్న మాట

మర్నాడు కాగితం చేతికొచ్చింది. రొమ్ములో గడ్డ వెలిగింది. చంకలో బిళ్ళలు వెలిగాయి. అవి మేము ఎదురుచూసినవే. కాలేయం, ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. కానీ ఛాతీ మధ్యలో, రెండు ఊపిరితిత్తుల నడుమ ఉండే గ్రంథులు కూడా వెలిగాయని రాసుంది.

డాక్టరు అపాయింట్‌మెంటు రెండు రోజుల తర్వాత. ఈలోగా మా అన్న ఆ కాగితం ఫొటో తీసి, చదువుకున్న బంధువుల కుర్రాడికి వాట్సాప్‌లో పంపాడు. పది నిమిషాల్లో వాడు ఫోను చేసి, "ఛాతీలోకి పాకింది మామా, నాలుగో స్టేజీ" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. వదిన గుమ్మంలో ఉంది.

స్టేజీ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. గడ్డ ఎంతుంది, దగ్గర్లోని గ్రంథులకి వెళ్ళిందా, దూరంగా వేరే చోటికి పాకిందా, ఈ మూడూ కలిపి ఒకటి నుంచి నాలుగు దాకా అంకె వేస్తారు. రొమ్ము క్యాన్సర్లో మూడు దాకా పూర్తిగా నయం చేయాలన్న ఉద్దేశంతో వైద్యం చేస్తారు. నాలుగైతే ఎక్కువమందికి జబ్బుని అదుపులో పెట్టి, ఆయుష్షునీ సుఖాన్నీ పెంచే వైద్యం. ఆ అంకెని బట్టి మందుల దారే మారిపోతుంది.

ఆ రాత్రి వదిన అన్నం ముట్టలేదు. "పోదాం పా, ఇంటికి. అంగడి అమ్మి నాకు పోయొద్దు. పిల్లోళ్ళకన్నా మిగలనీ" అంది. అన్న టికెట్ల కోసం ఫోను తీశాడు కూడా! నేనే ఆ ఫోను లాక్కుని, "డాక్టరు నోటితో విన్నాక పోదాం అన్నా, రెండ్రోజులే కదా" అని బతిమాలాను. అంత ధైర్యం నాకెక్కడిదో ఇప్పటికీ తెలీదు.

ముక్క చెప్పిన నిజం

డాక్టరు గారు కంప్యూటర్లో బొమ్మలు తిప్పి తిప్పి చూశారు. "ఇది క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు" అన్నారు. మెదడు ఎప్పుడూ వెలుగుతుంది, దాని తిండే చక్కెర. మందు బయటికి పోయే దారి కాబట్టి మూత్రాశయమూ వెలుగుతుంది. వాపు ఉన్నచోట, చీము ఉన్నచోట, ముఖ్యంగా క్షయ ఉన్నచోట కూడా వెలుగుతుంది. రోగంతో పోరాడే కణాలకీ చక్కెర కావాలి కదా! మన దేశంలో క్షయ ఎక్కువ. అందుకని వెలుగు చూసి తీర్పు చెప్పేయకూడదని, అనుమానమున్న చోట ముక్క తీసి చూడాలని చెప్పారు.

మత్తిచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సూదితో ఆ గ్రంథిలోంచి ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా మేమెవరం సరిగా నిద్రపోలేదు.

క్యాన్సర్ కణాలు లేవు. క్షయ తాలూకు లక్షణాలున్నాయి. "మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా?" అని అడిగితే, వదిన చాలాసేపు ఆలోచించి, "నేను చిన్నపిల్లప్పుడు మా నాయన దగ్గి దగ్గి ఎముకలగూడయిండె సార్" అంది.

జబ్బు మూడో స్టేజీ. ఆ మాట విని కళ్ళనీళ్ళు పెట్టుకుని సంతోషపడిన కుటుంబం మాదేనేమో! క్షయ సంగతి ఛాతీ డాక్టరు చూసుకున్నారు. క్యాన్సర్‌కి ముందు కీమో, తర్వాత ఆపరేషను, ఆపైన రేడియేషను జరిగాయి. ఇంకా కొన్నేళ్ళు పరీక్షలకి వెళ్తూనే ఉండాలి. జబ్బు తిరగబెట్టదని ఎవరూ హామీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

మనం గుర్తుంచుకోవలసినవి

అందరికీ మా వదినలాగే తేలుతుందని చెప్పడం లేదు. వెలుగు నిజంగా క్యాన్సరే అయిన వాళ్ళూ ఉంటారు. వాళ్ళకీ ఆ సంగతి ముందే తెలియడం వల్ల అక్కర్లేని పెద్ద ఆపరేషను తప్పి, సరైన మందు దొరుకుతుంది. అలాగే వెలగనంత మాత్రాన ఏమీ లేదనీ కాదు. మరీ చిన్న గడ్డలూ, నెమ్మదిగా పెరిగే కొన్ని రకాలూ దీనికి చిక్కవు.

ఏ అనుమానమూ లేకుండా 'ఒకసారి ఒళ్ళంతా చూపించుకుందాం' అని చేయించుకునే పరీక్ష కాదిది. ఖర్చు ఒకటి, ఒంటికి రేడియేషను ఒకటి. డాక్టరు రాస్తే, 'దీనివల్ల నా వైద్యంలో ఏం మారుతుంది?' అని అడగండి. పాత స్కానులూ, ముక్క పరీక్ష కాగితాలూ, ఇంట్లో క్షయ ఉన్న సంగతీ అన్నీ ముందే వాళ్ళ ముందు పెట్టండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఏ పరీక్షకి ఎంత వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ముందుగానే అడగండి. కాగితంలోని అర్థం మాత్రం రాసిచ్చిన డాక్టరు దగ్గరే తెలుసుకోండి, ఫోను దగ్గర కాదు!

మొన్న అంగడికి వెళ్తే వదిన పప్పు తూస్తూ కనిపించింది. జుట్టు మళ్ళీ ఒత్తుగా వస్తోంది. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు. "శివరాత్రికి చెప్పాల్సింది ఆషాఢానికి చెప్పినా నేను. మీరట్ల చేయొద్దండి. నీళ్ళు పోసుకునేటప్పుడు చేత్తో చూసుకోండి, గట్టిగా తగిలితే ఆ రోజే చెప్పండి" అంటోంది.

తూకం పక్కనపెట్టి గంటసేపు మాట్లాడింది. ఎవ్వరం ఆపలేదు.