కంప్యూటర్ అచ్చు – గ్రంథమనే అమానత్

తొలి వహీలోనే పఠనం, కలం ప్రస్తావనకు వచ్చాయి. కనుక గ్రంథం తయారయ్యే విధానం మారినప్పుడల్లా ముస్లిం పండితులు ఒకే ప్రశ్న వేసుకుంటూ వచ్చారు: వచనం చెడకుండా తర్వాతి తరానికి చేరుతుందా? రాతప్రతుల స్థానంలో అచ్చు వచ్చినప్పుడు ఎదురైన ఈ ప్రశ్నే, అచ్చు కంప్యూటర్‌కు మారిన నేటి కాలంలోనూ ఎదురవుతున్నది.

బాన్సువాడనే ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఉండి, 2016లో కామారెడ్డి జిల్లాలో చేరిన ఈ పట్టణంలో ముస్లిం ఇళ్ళలో మాట్లాడేది ఉర్దూ. పిల్లల్లో చాలామంది బడిలో చదివేది తెలుగు లేదా ఇంగ్లీషు. తాత చదివే ఉర్దూ కితాబు మనవడికి రాదు. మనవడు చదివే తెలుగు పుస్తకం తాతకు రాదు. ఇద్దరినీ కలిపేది ఖుర్ఆన్ అరబీ మూలం. అలాంటి ఇంటికి పనికివచ్చే ధార్మిక గ్రంథంలో అరబీ, ఉర్దూ, తెలుగు మూడూ ఒకే పుటలో ఉండాలి.

సీసపు అక్షరాల కాలంలో ఇది చాలా కష్టమైన పని. తెలుగు అచ్చుకూటంలో అరబీ టైపు ఉండేది కాదు. కాతిబ్ చేత ఆయతు వ్రాయించి, దాన్ని బ్లాకు చేయించి, తెలుగు పంక్తుల మధ్య అమర్చవలసి వచ్చేది. ఖర్చుకు వెరచి మూలాన్ని వదిలి, తెలుగు లిపిలో ఉచ్చారణ మాత్రమే ఇవ్వటం తేలికైన మార్గం.

ఆ మార్గంలోని లోపం చిన్నది కాదు. 'ఖాలిఖ్' (సృష్టికర్త) అనే శుభనామాన్నే చూడండి. తెలుగులో మొదటా చివరా ఒకే 'ఖ'. అరబీలో మొదటిది 'ఖా', చివరిది 'ఖాఫ్'. రెండూ వేర్వేరు అక్షరాలు, పలికే స్థానాలూ వేరు. అలాగే 'ఖల్బ్' అంటే హృదయం. 'ఖ' బదులు 'క' పడి 'కల్బ్' అయితే అర్థం కుక్క. తెలుగు ఉచ్చారణ చేయూత మాత్రమే, మూలానికి బదులు కాదు.

మార్గం సుగమమైన తీరు

నస్తాలీఖ్ లిపిని యంత్రానికి నేర్పటం చాలాకాలం అసాధ్యమనిపించింది. అహ్మద్ మీర్జా జమీల్ వేలాది అక్షర సంపుటులను స్వయంగా వ్రాసి రూపొందించిన 'నూరీ నస్తాలీఖ్' 1981లో వాడుకలోకి వచ్చింది. 1994లో ఢిల్లీలో తయారైన 'ఇన్‌పేజ్' ఉర్దూ కూర్పును సాధారణ కంప్యూటర్‌పైకి తెచ్చింది.

అంతకన్నా మౌలికమైన మార్పు యూనికోడ్. 1991లో వెలువడిన ఈ ప్రమాణంలో ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య నిర్ణయమైంది. తెలుగు 'క' సంఖ్య 3093. అరబీ 'ఖాఫ్' సంఖ్య 1602. ఫాంటు మారినా, యంత్రం మారినా ఈ సంఖ్యలు మారవు. మూడు లిపులూ ఒకే పుటలో ఇమడగలగటానికి ఆధారం ఇదే. పైగా వెయ్యి ప్రతులు ముందే అచ్చు వేసి గదిలో పేర్చుకోనవసరం లేదు. హైదరాబాద్ ఛత్తా బజార్ దాకా పోలేని పాఠకుడికి అదే గ్రంథం ఫోనులో అందుతుంది, కావాలంటే కొద్ది ప్రతులే కాగితంపై వస్తాయి.

మూడు రకాల ప్రతులు

అయితే కంప్యూటర్‌లో ఉన్న ప్రతి పుస్తకమూ ఒకే రకానికి చెందదు. మొదటి రకం, పాత పుస్తకానికి తీసిన ఛాయాచిత్రం. చదువుకోవచ్చు గాని అందులో ఒక పదాన్ని వెదకలేము. రెండవది, 'అనూ' వంటి పాత పద్ధతి ఫాంట్లతో కూర్చినది. ఇక్కడ తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులే మిగులుతాయి. మూడవది యూనికోడ్ వచనం. దీన్ని వెదకవచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, అంధులకు యంత్రం చేత చదివించవచ్చు.

దశాబ్దాల తెలుగు ఇస్లామీయ సాహిత్యంలో అధిక భాగం మొదటి రెండు రకాలలోనే చిక్కుకొని ఉంది. కాగితానికి చెదలు పట్టేది; ఈ ఫైళ్ళకు పట్టేది మరపు. కూర్చిన వ్యక్తి పని మానేసినా, కంప్యూటర్ పాడైనా పుస్తకం పోయినట్లే.

ముఖాబలా

మూడవ రకంలోనూ ప్రమాదం లేకపోలేదు. అరబీ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. రెంటినీ ఒకే పంక్తిలో ఉంచి పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే పదాల వరుస తారుమారవుతుంది, కలిసి ఉండవలసిన అక్షరాలు విడిపోతాయి. అరబీ రాని ఆపరేటరు ఆ తప్పును కనిపెట్టలేడు. ఇంకొక సంగతి: అచ్చయిన పుటను దిద్దితే మచ్చ కనిపిస్తుంది; ఫైలును దిద్దితే జాడే ఉండదు. ఆధారం లేని వాక్యం 'హదీసు' పేరిట ఒక్క పూటలో వేల ఫోన్లకు చేరుతున్న కాలమిది.

దీనికి మందు మన సంప్రదాయంలోనే ఉంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆదేశంపై ఖుర్ఆన్‌ను సంకలనం చేసిన జైద్ బిన్ సాబిత్ (రజి) తాను స్వయంగా హాఫిజ్ అయినా, తన జ్ఞాపకంతోనే సరిపెట్టుకోలేదు. లిఖిత ప్రతులను, సాక్ష్యాలను కోరారు. తర్వాతి కాలపు పండితులు నకలును మూలంతో పోల్చి చూడటాన్ని 'ముఖాబలా' అన్నారు. 2007లో మొదలైన 'తన్‌జీల్' ప్రాజెక్టు ఖుర్ఆన్ యూనికోడ్ వచనాన్ని సరిచూసి అందుబాటులో ఉంచింది. ఇది కూడా ముఖాబలాయే.

కనుక తెలుగు ప్రచురణకర్తలు ఆయతులను కొత్తగా టైపు చేయించక, సరిచూసిన వచనం నుంచే తీసుకోవాలి. అనువాదాన్ని యూనికోడ్‌లో ఉంచి, ముద్రణ సంఖ్య, తేదీ, సరిచూసినవారి పేరు విధిగా వేయాలి. ఫైలును ఒకే చోట దాచక రెండు మూడు సంస్థల వద్ద భద్రపరచాలి. బాన్సువాడ వంటి ఊళ్ళలోని మద్రసా విద్యార్థి అరబీని, కాలేజీ విద్యార్థి తెలుగును చూస్తూ కలిసి కూర్చుంటే, పాత పుస్తకాలను ఒక్కొక్కటిగా సరిదిద్ది వెలికితీయవచ్చు. అందుకు పెద్ద అచ్చుకూటం అక్కరలేదు; ఒక కంప్యూటర్, రెండు జతల కళ్ళు, ఓర్పు చాలు.

పుస్తకం కాగితంపై ఉంటుందా, తెరపై ఉంటుందా అన్నది చిన్న ప్రశ్న. తాత నోట విన్న ఆయతును మనవడు అర్థంతో సహా చదువుకోగలుగుతాడా అన్నది పెద్ద ప్రశ్న. సాధనం అల్లాహ్ అనుగ్రహం. సరిచూడటం మన బాధ్యత.