అమ్మా, అహోబిలమూ, మా టూరు ప్రోగ్రామూ

ముప్పై ఏళ్లుగా నంద్యాలలో కాపురముంటూ అహోబిలం చూడలేదంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మా ఇంటికి మద్రాసునుంచి చుట్టాలొచ్చినా, బెంగుళూరునుంచి వచ్చినా, మహానంది తీసుకువెళ్లి, ఆ తేటనీళ్ల కోనేట్లో ముంచి, సాయంకాలానికి తిరిగి తెచ్చి రైలెక్కించడం మాకు అలవాటు. ఒక్క పూటలో పుణ్యమూ పూర్తవుతుంది, మర్యాదా దక్కుతుంది.

అహోబిలం అల్లా కుదిరే వ్యవహారం కాదు. నంద్యాలనుంచి ఆళ్లగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. అక్కడనుంచి దిగువ అహోబిలం ఇంకో పాతిక. ఎగువ అహోబిలం మరో ఎనిమిది. రోడ్డు లెక్క ఇంతే. ఆ తరువాత లెక్కంతా కాళ్లది.

పోయిన కార్తీకంలో మా అమ్మ నవనందులు చూసింది. సూర్యోదయానికి బయలుదేరి సూర్యాస్తమయంలోగా తొమ్మిదీ చూడాలని ఆచారం. ఊళ్లోనే ప్రథమనంది, నాగనంది, సోమనంది. దారిలో సూర్యనంది, శివనంది, కృష్ణనంది. చివర మహానంది దగ్గర గరుడనంది, వినాయకనంది, మహానంది. కారు ఉంటే పెద్ద కష్టం కాదు. డెబ్బయ్యారేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసినా, సాయంత్రం నాలుగింటికల్లా ముగించి ఇంటికొచ్చి కాఫీ తాగింది. తాగి గ్లాసు కింద పెడుతూ, "ఒరే, అహోబిలంలో తొమ్మిదీ చూపిచ్చరా" అంది.

అల్లా అన్నదనే అనుకున్నాను.

పెద్దావిడ నోరు తెరిచి ఏదైనా అడగడమే అపురూపం. అంచేత మర్నాడే డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన గుండె చూసి బాగుందన్నారు, మోకాళ్లు చూసి తల అడ్డంగా ఊపారు. వంద మెట్లకు మించి ఎక్కించవద్దన్నారు. ఇక ప్రోగ్రాము వేయడం మొదలైంది.

మా అక్కావాళ్లది ఆళ్లగడ్డ. బావ రిటైరయ్యాక ఏ పనైనా కాగితంమీద పెట్టనిదే నిద్రపోడు. పాత క్యాలెండరు వెనుక అట్టమీద అహోబిలం పటం గీశాడు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుని గుడి, కృష్ణదేవరాయల జయస్తంభం. ఆ చుట్టుపక్కలే భార్గవ, యోగానంద, ఛత్రవట నరసింహులు ముగ్గురూ. జీపులో వెళ్లి కాస్త నడిస్తే చాలు. ఎగువకు పోయే రోడ్డు పక్కనే కారంజ నరసింహుడు. ఎగువన గుహలో అహోబిల నరసింహుడు, అంటే ఉగ్ర నరసింహుడు. ఇంతవరకు ఐదుగురు. ఇక్కడనుంచే తిరకాసు. క్రోడ నరసింహుణ్ణీ, మాలోలుణ్ణీ, జ్వాలా నరసింహుణ్ణీ చూడాలంటే భవనాశిని వాగు వెంట రాళ్లమీద నడవాలి. జ్వాలా దగ్గరకు వెళ్లడానికే ఎగువనుంచి నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. మిగిలిన తొమ్మిదో ఆయన పావన నరసింహుడు. వీళ్లెవరితోనూ పొత్తు లేకుండా అడవిలో విడిగా ఉంటాడు.

"రెండున్నర రోజులు" అన్నాడు బావ, అట్ట మీద పెన్సిలుతో కొట్టి.

"ఒకటిన్నర చాలు" అన్నాను నేను. బ్యాంకు సెలవు అంతే ఉంది మరి.

ఈ గొడవలో మా మేనల్లుడు కూడా కలుగజేసుకున్నాడు. వాడుండేది అమెరికాలో. ఆ వారమే వాడు బొలీవియాకు ఎనిమిది రోజుల ప్రయాణం వేసుకుంటున్నాడు. దక్షిణ అమెరికాలో అదొక ఆకాశానికెక్కిన దేశం. లాపాజ్ నగరమే మూడువేల ఆరువందల మీటర్ల ఎత్తున ఉందట. దాని విమానాశ్రయం ఇంకా పైన, నాలుగువేల మీటర్లు దాటి. విమానం దిగీ దిగగానే చాలామందికి తలనొప్పి, వాంతులు, ఆయాసం. అంచేత వాడు ముందు పల్లంలో ఉన్న శాంతాక్రూజ్‌లో దిగి, అక్కడనుంచి రెండువేల ఎనిమిదివందల మీటర్ల సుక్రేకు వెళ్లి రెండు రోజులు ఊరికే కూచుని, ఆ పైన ఉయుని ఉప్పు మైదానం, చివరకు లాపాజ్, టిటికాకా సరస్సు చూస్తాడట.

"మామా, అవ్వను మొదటిరోజే కొండెక్కించొద్దు. కింద పండుకోనీ, మర్నాడు పైకి పోండి" అన్నాడు ఫోనులో. మన నల్లమల అంత ఎత్తేమీ లేదురా అన్నాను. "గాలి సంగతి కాదు మామా, మోకాళ్ల సంగతి చెప్తాండా" అన్నాడు. మాట సబబుగానే తోచింది. దిగువన ఒక రాత్రి నిద్ర అని రాసుకున్నాం. మఠంవారి వసతి ఉంది, టూరిజంవారి హోటలూ ఉంది. ఉత్సవాల రోజుల్లో మాత్రం ముందుగా చెప్పుకోకపోతే చెట్టుకిందే.

ఎప్పుడు వెళ్లడం? వానల్లో వాగులు పొంగుతాయి. ఎండాకాలం ఆ రాళ్లమీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. సంక్రాంతి తరువాత పోదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. కనుమనుంచి ఉత్సవమూర్తులు పారువేటకు బయలుదేరుతాయి. స్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక చెంచులకు అల్లుడు. తన కల్యాణానికి జనాన్ని పిలవడానికి ఆయనే పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన గ్రామాలు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు తిరిగి గుడికి చేరుతాడు. మేము తొమ్మిది మజిలీలకు తంటాలు పడుతుంటే ఆయన ముప్పై చోట్ల దిగి తీరిగ్గా మర్యాదలు అందుకుంటాడు. ఆయనకు సెలవు చీటీ రాయవలసిన పని లేదు కదా.

సరే, మార్గశిరం ఖాయమైంది. మా ఆవిడ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పులిహోర సిద్ధం చేసింది. ముందురోజు రాత్రి ఆళ్లగడ్డ చేరాం. ఊళ్లో రోడ్డు పక్కన శిల్పులు సగం చెక్కిన దేవుళ్లను వరసగా నిలబెట్టి ఉంచితే, అమ్మ కారు ఆపించి ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టింది. కళ్లు తెరవని విగ్రహానికి దణ్ణమేమిటని మా ఆవిడ అంటే, "ఎట్లాగూ తెరుస్తాడు గదమ్మా" అంది.

భోజనాలయ్యాక యుద్ధం మళ్లీ మొదలు. జ్వాలా నరసింహుడి దగ్గరకు అమ్మను ఎల్లా తీసుకుపోవడం? డోలీ ఉందన్నాడు బావ. మాలోలుడి వరకు చాలునన్నాను నేను. అసలావిణ్ణి ఎగువన గుడి దగ్గర కూచోబెట్టి మనం పోయి వద్దామంది అక్క. మాట మీద మాట పెరిగి, బావ అట్టను మడిచి బల్ల కింద పడేశాడు.

మంచం మీద పడుకున్న అమ్మ లేచి కూచుంది.

"జ్వాలా దగ్గరికి ఎవురు పోతామన్నార్రా?"

"నువ్వే గదమ్మా, తొమ్మిదీ చూపించమన్నావు?"

"తొమ్మిదీ ఎప్పుడన్న్యా? తొమ్మిదోది అన్న్యా."

ముగ్గురమూ మొహాలు చూసుకున్నాం.

1971లో మా నాన్న స్నేహితులతో అహోబిలం వెళ్లాడట. నాకప్పుడు నాలుగేళ్లు, జ్వరం. అమ్మ ఇంట్లో ఉండిపోయింది. ఎనిమిది మందిని చూసి పావన నరసింహుడికి బయలుదేరిన రోజున కుండపోత వాన. వంక దాటలేక తిరిగొచ్చాడు. మళ్లీ పోదాం, ఇద్దరం పోదాం అని ప్రతి ఏడూ అంటూనే ఉన్నాడట. ఆ మాట మా ఎదుట ఎన్నడూ అనలేదు. పన్నెండేళ్ల కిందట పోయాడు.

"ఎనిమిదీ మీ నాయన చూసినాడు. ఆ ఒక్కటే బాకీ" అంది అమ్మ. అని పడుకుంది.

మర్నాడు దిగువ అహోబిలంలో స్వామిని చూసి, జీపు మాట్లాడుకుని అడవిలోకి వెళ్లాం. అది బాట కాదు, రాళ్ల వరస. ఒళ్లు హూనమైంది. బావ తల రెండుసార్లు పైకప్పుకు తగిలింది. నేను అమ్మను పట్టుకున్నాననుకున్నాను గాని, నిజానికి ఆవిడే నన్ను పట్టుకుంది. వంక దగ్గర జీపు నెమ్మదించింది. చారెడు నీళ్లున్నాయి. అమ్మ కిందికి వంగి వాటినే చూస్తూ, "ఇదేనా?" అంది. డ్రైవరు ఏమిటో తెలియకపోయినా ఇదేనమ్మా అన్నాడు.

గుళ్లో జనం లేరు. చెంచులక్ష్మితో కొలువైన స్వామి ఎదుట అమ్మ చాలాసేపు నిలబడింది. అర్చకులు గోత్రం అడిగితే నాన్న పేరు కూడా చెప్పింది. హారతి కళ్లకద్దుకుంటూ స్వామితో, "వానొచ్చింది. అందుకే రాలేకపాయ" అంది, ఎవరో పొరుగింటి పెద్దమనిషికి సంజాయిషీ చెప్పినట్టు.

బయట చెట్టుకింద రొట్టెలు తిన్నాం. రెండున్నర రోజుల ప్రోగ్రాము మధ్యాహ్నానికే పూర్తయింది. నా సెలవులో ఒక పూట మిగిలింది కూడా.

తిరుగు దారిలో జీపు రోడ్డెక్కిన తరువాత అమ్మ నా భుజం తట్టి, "ఒరే, ఎనిమిదీ ఎప్పుడు చూపిస్తావురా?" అంది.

ఈసారి నేను జీపు ఆపించి, చెవి దగ్గర పెట్టి అడిగాను: "ఎనిమిదా అమ్మా, ఎనిమిదోదా?"