నిలబడగలిగినవాడు ఎందుకు పాకాడు?

1978లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దగ్గర సూటు వేసుకున్న ఓ నల్లజాతి యువకుడు కాలిబాట మీదికి వంగి, మోచేతులూ మోకాళ్లూ ఆనించి పాకడం మొదలుపెట్టాడు. పేరు విలియం పోప్.ఎల్. మొక్కు లేదు, పందెమూ లేదు. మరి ఇదేం కళ అని ఎవరికైనా అడగాలనిపిస్తుంది. అడగాల్సిందే.

పెద్ద నగరాల్లో ఇల్లులేనివాళ్లు నేలమీద పడుంటారు, మిగతావాళ్లు పక్కనుంచి తప్పుకుని పోతారు. పోప్.ఎల్ బంధువుల్లోనే అలా వీధిన పడ్డవాళ్లున్నారు. ఒంట్లో సత్తువుండి, ఒంటిమీద సూటుండి కూడా ఒకడు కావాలని నేలకు దిగితే దారినపోయేవాడి లెక్క తప్పుతుంది. తాగాడా? పిచ్చివాడా? లేక ఉద్యోగస్థుడా? చూసీ చూడనట్టు పోవడం కుదరదు.

1991లో అదే నగరంలోని టాంప్‌కిన్స్ స్క్వేర్ దగ్గర ఒక చేత్తో పూలకుండీ పట్టుకుని మళ్లీ పాకాడు. తెల్లవాడొకడు వీడియో తీస్తున్నాడు. దారినపోయే నల్లజాతి మనిషి ఒకాయన ఆగి, ఒంట్లో బాగానే ఉందా అని ఆదుర్దాగా అడిగాడు. కెమెరా కంటపడేసరికి మండిపడ్డాడు. తానూ అలాంటి సూటే వేసుకుని పనికి వెళ్తానన్నాడు. నన్నడిగితే ఈ కళాకృతిలో అసలు ఘట్టం అదే. ఆ మనిషి ఎంతో కష్టపడి సంపాదించుకున్న పరువు ఆ సూటు. తనవాడే దాన్ని మట్టిలో ఈడుస్తుంటే ఎలా ఓర్చుకుంటాడు? వీడియో లేకపోతే అది వీధిగొడవగా అక్కడితో ముగిసిపోయేది.

తర్వాతిది మరీ మొండిపని. 2001లో సూపర్‌మ్యాన్ దుస్తులు వేసుకుని, వెనక వేలాడే గుడ్డకు బదులు వీపుకు స్కేట్‌బోర్డు కట్టుకుని బ్రాడ్వే వీధి పొడవునా పాకడానికి పూనుకున్నాడు. మొత్తం 22 మైళ్లు, అంటే దాదాపు 35 కిలోమీటర్లు. ఒళ్లు సహకరించినంత మేర, విడతలు విడతలుగా, తొమ్మిదేళ్లు పట్టింది. దానికి పెట్టిన పేరు ‘ది గ్రేట్ వైట్ వే’. విద్యుద్దీపాల వల్ల బ్రాడ్వేకి ఎప్పుడో వచ్చిన ముద్దుపేరది. ఆ తెల్లదారిలో నల్లవాడు పాకితే పేరుకు రెండో అర్థం దానంతటదే వస్తుంది.

అన్నీ పాకుడు పనులే అనుకోకండి. 2000లో ఎత్తయిన మంచె మీద, టాయిలెట్‌పై కూర్చుని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికను నమిలాడు. అది కొంచెం అతి అనిపిస్తుంది నాకు. 2017లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఊరి నుంచి తెచ్చిన, సీసం కలిసిన కుళాయినీళ్లను సీసాల్లో నింపి డెట్రాయిట్‌లో అమ్మకానికి పెట్టాడు. వచ్చిన డబ్బు సేవాసంస్థలకు ఇచ్చాడు. ఇందులో వ్యంగ్యమూ ఉంది, ఉపకారమూ ఉంది.

2019లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన తొలినాళ్ల ప్రదర్శనలు కొన్నిటిని ఒకచోట చేర్చింది. అదే ఏడాది సుమారు 140 మంది ఔత్సాహికులు ఆయన రూపొందించిన ‘కాంక్వెస్ట్’లో ఆ నగర వీధుల్లో వంతులవారీగా పాకారు. పోప్.ఎల్ 2023 డిసెంబరు 23న షికాగోలో, 68వ ఏట కన్నుమూశారు.