బొమ్మ వెనక్కి, అక్షరం ముందుకి

ఫ్లాష్‌కార్డు అంటే మనకి కొత్తేం కాదు. ఒక పక్క ప్రశ్న, రెండో పక్క జవాబు. సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు ఫోన్‌లో ఆంకీ వాడేవాళ్లు మనలోనే ఉన్నారు. అయితే చిన్నపిల్లల కోసమని అమ్మే తెలుగు అక్షరాల కార్డులు చాలావరకు ఫ్లాష్‌కార్డులే కావు, అవి పోస్టర్లు. ఉడుత బొమ్మ, పక్కన పెద్ద "ఉ", కింద "ఉడుత" అన్న మాట, అన్నీ ఒకే వైపు ఉంటాయి. కార్డు చూపించగానే యూకేజీ పిల్ల "ఉ, ఉడుత!" అనేస్తుంది. ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడతారు. కానీ ఆ పిల్ల చూసింది తోకని, అక్షరాన్ని కాదు. బొమ్మని అరచేత్తో మూసి అడిగి చూడండి, తేడా తెలిసిపోతుంది.

కాబట్టి ముందు వైపు అక్షరం ఒక్కటే ఉండాలి. బొమ్మ వెనక్కి పోవాలి. పిల్ల ఒక్క క్షణం ఆగి, గుర్తు తెచ్చుకుని, చెప్పి, ఆ తర్వాత తిప్పి చూసుకోవాలి. ఆ ఆగడంలోనే నేర్చుకోవడం జరుగుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకి కొన్ని పేరాలు ఇచ్చి చూశారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. వాళ్లు పెద్దవాళ్లు, నిజమే. కానీ మన ఇళ్లల్లో జరిగేది చూస్తే పిల్లల విషయంలోనూ ఇదే అనిపిస్తుంది. పలక మీద "ఈ" రాసిచ్చి పదిసార్లు దిద్దమంటాం. అక్షరం కళ్లెదురుగానే ఉంటే ఇంక గుర్తు పెట్టుకునే పని ఏముంది? చేయి తిరగడానికి దిద్దడం కావాలి, అది వేరే సంగతి.

రాగం తీసి అప్పజెప్పడం ఇంకో తమాషా. అ ఆ ఇ ఈ అని గడగడా చెప్పే పిల్లకి "ఎ" ఒక్కటే చూపిస్తే మళ్లీ "అ" నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. అచ్చం లింక్డ్ లిస్ట్. హెడ్ నుంచి ట్రావర్స్ చేస్తే గానీ ఐదో నోడ్ దొరకదు. కార్డులు కలిపి చూపించడం వల్ల ప్రతి అక్షరానికీ నేరుగా చేరే దారి ఏర్పడుతుంది.

ఇక ఏ అక్షరాలతో మొదలుపెట్టాలి? వరసలోనే వెళ్లాలని రూలేం లేదు. అ, ర, ప, డ, వ, ల, క, ఈ ఏడు కార్డులు తీసుకోండి. వీటితోనే పడవ, వల, పలక, అల, కల, అరక, పడక, అలక చదివేయొచ్చు. గుణింతం లేదు, ఒత్తు లేదు. (వడ కూడా వస్తుంది గానీ మన వైపు అది గారె కదా, వదిలేద్దాం.) రెండు వారాల్లో పిల్ల ఒక మాట సొంతంగా చదివిందంటే ఆ ఆనందం వేరు. యాభై ఆరు అక్షరాలూ అయ్యేదాకా ఒక్క మాటా చదవనివ్వకపోతే విసుగు రాదా మరి?

వెనక వైపు బొమ్మ పిల్ల ఎరిగిన వస్తువై ఉండాలి. "ఒ" అంటే ఒంటె అని వేస్తారు. కోనసీమలో ఒంటె ఎక్కడిది? సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కిన పిల్లకి ఒడ్డు తెలుసు. అంతర్వేది వెళ్లొచ్చిన పిల్లకి అల తెలుసు. లంక, గట్టు, అరటి... బొమ్మలు మనమే గీయొచ్చు, వంకరగా వచ్చినా పిల్లలేం అనుకోరు. ఒక్క జాగ్రత్త: ద–ధ, డ–ఢ, ప–ఫ జతల్లో తేడా అడుగునున్న చిన్న గీతే. రెండూ ఒకే వారంలో ఇవ్వకండి. ఒకటి గట్టిగా వచ్చాక రెండోది ఇచ్చి, అప్పుడు పక్కపక్కన పెట్టి తేడా అడగండి.

ఏ కార్డు ఎప్పుడు చూపించాలన్నదానికి 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత తన పుస్తకంలో తేలికైన పద్ధతి చెప్పాడు. మన భాషలో చెప్పాలంటే మూడు ఖాళీ పూతరేకుల డబ్బాలు చాలు. కొత్త కార్డులన్నీ మొదటి డబ్బాలో, రోజూ చూపించేవి. సరిగ్గా చెప్తే రెండో దానిలోకి, అది మూడు రోజులకోసారి. మళ్లీ చెప్తే మూడో దానిలోకి, అది ఆదివారం మాత్రమే. ఎక్కడ మర్చిపోయినా తిరిగి మొదటి డబ్బాకే. అలా వచ్చినవాటి మీద టైమ్ వేస్ట్ కాదు, రానివి తప్పించుకోలేవు. ఆంకీ లోపల జరిగేది కూడా స్థూలంగా ఇదే.

రోజుకి ఐదు నిమిషాలు దాటనివ్వకండి. పిల్ల "ఇంకొకటి" అంటుండగానే ఆపేయడం మంచిది. ఏడాది పాప ముందు కార్డులు గబగబా తిప్పే రీల్స్ చూసి ఎవరూ మోసపోవద్దు. ఆ వయసులో పాపకి కావాల్సింది మాట్లాడే మనుషులు. "పడవ" అన్న మాట చెవికి తెలియని పిల్లకి ఆ కార్డు ఉత్త అట్టముక్క. ఇంట్లో కూడా బోట్ అనే అలవాటైతే ముందు మార్చాల్సింది అదే.

గుణింతాలకి ఒక్కోదానికి ఒక్కో కార్డు చేస్తే వందల్లోకి పోతుంది. పిల్లకి బాగా వచ్చిన క, ల, ప లాంటి నాలుగు అక్షరాలకే చేస్తే మిగతావి చాలావరకు పోలికతో పట్టేస్తారు. ఒత్తులు అన్నిటికంటే చివర. త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు, వాటికి మాత్రం విడి కార్డులు తప్పవు. ఆ లెక్కన మొదటి పేజీలో ఉండే "అమ్మ" మన డబ్బాలోకి వచ్చేది ఆఖరి విడతలో.