బ్రేకు ప్యాడ్ల ఆయుర్దాయం ఎన్ని కిలోమీటర్లు?

మన హోసూరు, బాగలూరు, బేరిగె, తళి ప్రాంతపు పల్లెలలో కారు నేడు వింత వస్తువు కాదు. సెకండ్ హ్యాండ్ కారైనా సరే, కొన్న రోజున గుడి ముందు నిలిపి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నడిపిస్తాము. అటుపిమ్మట టైర్లను చూస్తాము, ఇంజను ఆయిలు మారుస్తాము, రోజూ తుడుస్తాము. బండిని నిలిపే బ్రేకును మాత్రం అది అరిచేదాకా తలచుకోము.

“సార్, బ్రేకు ప్యాడ్లు ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి?” అని మా బడి పిల్లల తండ్రులు నన్ను అడుగుతుంటారు. నేను మెకానిక్కును కాను, పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ ఒక్క విషయం నేను కష్టపడి నేర్చుకోవలసి వచ్చింది.

కొన్నేళ్ల క్రితం మా అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలతో తిరుపతికి బయలుదేరాను. అంతకు రెండు వారాల ముందు నుంచి బ్రేకు వేసినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కీచుమని శబ్దం వస్తున్నది. మా ఊరి దగ్గర షెడ్డులో చూపిస్తే, ఆయన చక్రం విప్పకుండానే సందులోంచి తొంగి చూసి, “ఇన్నుం కొంజం నాళ్ ఓడుం” అన్నాడు. ఇంకా కొన్నాళ్లు నడుస్తుందని దాని అర్థం. ఆ మాట నమ్మాను.

పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతుండగా ముందు ఒక లారీ ఉన్నది. నాలుగో గేరులోనే ఉండి మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ దిగాను. కీచు శబ్దం కాస్తా ఇనుము ఇనుమును గీరే శబ్దమైంది. మాడు వాసన వచ్చింది. పెడల్ మామూలు కంటే లోతుకు దిగింది. మూడో గేరుకు, రెండో గేరుకు మార్చి, వేగం తగ్గించి, రోడ్డు అంచున హ్యాండ్ బ్రేకు లాగి ఆపాను. మా అమ్మ ఏమీ మాట్లాడకుండా దిగి, ఒక రాయి తెచ్చి చక్రం కింద పెట్టింది.

బంగారుపాళెం నుంచి వచ్చిన మెకానిక్కు చక్రం విప్పి చూపించాడు. బయటి వైపు ప్యాడ్ ఇంకా బాగానే ఉన్నది. లోపలి వైపు ప్యాడ్ మాత్రం పూర్తిగా అరిగి, దాని ఇనుప పలక డిస్కును నాగటి చాళ్ల వలె చెక్కేసింది. క్యాలిపర్ జారే పిన్ను మట్టి పట్టి బిగుసుకుపోవడం దానికి కారణం. చిత్తూరు నుంచి ప్యాడ్లతో పాటు రెండు డిస్కులు కూడా తెప్పించవలసి వచ్చింది. ప్యాడ్లకు మాత్రమే పోవలసిన డబ్బుకు మూడింతలు పోయింది. దర్శనం వేళ కూడా దాటిపోయింది. ఐదుగురమూ క్షేమంగా ఉన్నాము, అదే చాలు.

ప్యాడ్ పని ఏమిటి?

సైకిలు బ్రేకు అందరూ చూసినదే. రెండు రబ్బరు ముక్కలు చక్రపు రిమ్మును రెండు వైపులా పట్టుకుంటాయి. కారులోనూ సూత్రం అదే. ముందు చక్రంతో పాటు ఒక ఇనుప డిస్కు తిరుగుతుంది. మనం పెడల్ తొక్కినప్పుడు బ్రేకు ఆయిలు ఒత్తిడికి క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి, రెండు ప్యాడ్లను డిస్కుకు ఇరువైపులా అదుముతుంది. ఆ రాపిడిలో బండి వేగం వేడిగా మారుతుంది. ప్రతిసారీ ప్యాడ్ కొంచెం అరుగుతుంది. అంటే బండి ఆగాలంటే ప్యాడ్ అరగవలసిందే. బలపం అరగకుండా పలకపై అక్షరం పడుతుందా?

చాలా చిన్న కార్లలో వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. వాటిలో ప్యాడ్లకు బదులు బ్రేకు షూలు ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూగుతుంది కనుక, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అందువలన ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి, వెనుక షూలు చాలా ఎక్కువ కాలం వస్తాయి.

కిలోమీటర్ల లెక్క

సాధారణంగా ముందు ప్యాడ్లు 30,000 నుంచి 70,000 కిలోమీటర్ల వరకు వస్తాయని చెబుతారు. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరమున్నదో గమనించండి. జాతీయ రహదారిపై సాఫీగా నడిచే బండికి ప్యాడ్లు 70,000 దాటినా రావచ్చు. అదే బండి రోజూ బెంగుళూరు ట్రాఫిక్కులో ఆగుతూ సాగుతూ ఉంటే 30,000 లోపే అయిపోవచ్చు. ఘాట్ రోడ్డులో తప్పుగా దింపితే అంతకంటే ముందే పని ముగుస్తుంది.

కాబట్టి ప్యాడ్ వయసును మీటరులో వెతకరాదు, దాని మందంలో చూడాలి. కొత్త ప్యాడ్‌పై రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇనుప పలకను లెక్కలోకి తీసుకోకూడదు. అది 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చుకోవడం మంచిది. పది రూపాయల నాణేలు రెండింటిని ఒకదానిపై ఒకటి పెట్టి చూడండి, ఆ మందం మూడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ప్యాడ్ ఆ మందానికి చేరిందంటే మార్చే రోజు వచ్చినట్లే. ప్రతి 10,000 కిలోమీటర్లకు ఒకసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి, చక్రం విప్పించి లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ చూడాలి.

త్వరగా అరగడానికి కారణాలు

మొదటిది వేగం. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. 80 వేగం నుంచి ఆపడమంటే 40 వేగం నుంచి నాలుగుసార్లు ఆపినంత పని. స్పీడ్ బ్రేకరు దాకా వేగంగా పోయి తొక్కేవారికి, ముందే కాలు తీసి వేగం తగ్గనిచ్చేవారికి మధ్య ప్యాడ్ల ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

రెండవది బరువు. రాయకోట టమోటా పెట్టెలను కారు వెనుక నింపుకొని పోయేవారు మనలో ఉన్నారు. మూడవది దుమ్ము. మన జిల్లాలో గ్రానైటు క్వారీల బాటలు, ఎర్రమట్టి దారులు ఎక్కువ. ఆ ఇసుక రేణువులు ప్యాడ్‌ను అరగదీస్తాయి, పిన్నులను బిగుసుకునేలా చేస్తాయి. నాలుగవది, నడుపుతున్నంతసేపూ పెడల్‌పై కాలు ఆనించి ఉంచే అలవాటు.

ఘాట్ దిగేటప్పుడు

ఒక చిన్న లెక్క చేద్దాము. 1,000 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, మూడు లీటర్ల మామూలు నీళ్లను మరిగే స్థితికి తీసుకురావడానికి సరిపోతుంది. తిరుమల నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల దిగుదల. అంటే సుమారు 20 లీటర్లు, ఒక పెద్ద బిందెడు నీళ్లు మరిగేంత వేడి! అందులో గాలి కొంత భరిస్తుంది. తక్కువ గేరులో ఉంటే ఇంజను మరికొంత భరిస్తుంది. న్యూట్రల్‌లో దించితే ఇంజను పంచుకోవలసిన భాగం కూడా బ్రేకుల మీదే పడుతుంది.

అతిగా వేడెక్కిన ప్యాడ్ పట్టు కోల్పోతుంది. బ్రేకు ఆయిలు మరిగితే అందులో ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. పాతబడే కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే రెండేళ్లకొకసారి దాన్ని మార్చాలంటారు.

కనుక దిగుదల మొదలయ్యే ముందే రెండో గేరుకో మూడో గేరుకో మార్చండి. బ్రేకును ఆనించి పట్టుకోకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గాక వదలండి. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దించడం ప్రాణాంతకం. ఇంజను ఆగితే రెండు మూడు నొక్కుల తరువాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఏబీఎస్ ఉన్నదని ధైర్యపడవద్దు. అది చక్రం బిగుసుకుని జారకుండా చూస్తుందే తప్ప, అరిగిన ప్యాడ్‌కు మందం ఇవ్వదు.

బండి చెప్పే గుర్తులు

చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప నాలుక అమర్చి ఉంటుంది. ప్యాడ్ చివరికి వచ్చినప్పుడు అది డిస్కును తాకి కీచుమంటుంది. అది హెచ్చరిక. గరగరమని గీరుకునే శబ్దం వస్తే హెచ్చరిక కాలం దాటిపోయినట్లు, బండిని కదపరాదు. ప్యాడ్లు అరిగే కొద్దీ డబ్బాలోని బ్రేకు ఆయిలు మట్టం తగ్గుతుంది. హ్యాండ్ బ్రేకు వదిలినా ఎర్ర దీపం వెలుగుతుంటే ఆయిలు తక్కువైనదని అర్థం. పైన పోసేసి ఊరుకోకుండా, ప్యాడ్లు అరిగినవా, ఎక్కడైనా కారుతున్నదా అని చూపించండి. ఇంజను ఆయిలును అందులో ఎన్నడూ పోయకండి, లోపలి రబ్బరు చెడిపోతుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగినా, పెడల్ వణికినా ఆ రోజే చూపించాలి.

మార్చేటప్పుడు

ఒక వైపు మాత్రమే మార్చకండి. ఎడమ, కుడి రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి. క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేసి, దానికి తగిన గ్రీజు పెట్టమని అడగండి. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదనివ్వకండి. పాత రకం ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. పని ముగిశాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి చూడండి. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకునేందుకు మొదటి 200, 300 కిలోమీటర్లు నెమ్మదిగా బ్రేకు వేయండి.

చివరగా ఒక్క మాట. “ఓడుం” అంటే తమిళంలో నడుస్తుందని అర్థం. మన తెలుగులో ఓడడమంటే వేరు. రెండు భాషలూ తెలిసిన నేను ఆ రోజు షెడ్డులో మొదటి అర్థమే విని, రెండవ అర్థాన్ని మొగిలి ఘాట్‌లో తెలుసుకున్నాను. ఇక మీదట ఎవరైనా ఆ మాట అంటే, మీరు ఏ భాషలోనైనా సరే ఒక్క కోరిక కోరండి: “చక్రం విప్పి, లోపలి ప్యాడ్ చూపించండి.” పది నిమిషాల పని. వెనుక సీటులో కూర్చునేది మన పిల్లలే.