కూల్‌డ్రింక్ కొలువులు అసలు ఎక్కడున్నాయి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊళ్లో చూసినా కిరాణా కొట్టు ముందు కూల్‌డ్రింక్ ఫ్రిజ్ ఉంటుంది. ఇంత అమ్ముడుపోతుంటే ఉద్యోగాలూ బోలెడు ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉన్నాయి గానీ, సీసాలు నింపే చోట కాదు.

నింపే ప్లాంటులో ప్లాస్టిక్ సీసా ఊదడం, నింపడం, మూత బిగించడం అన్నీ మెషీన్లే చేసేస్తాయి. వాటిని చూసుకోవడానికి ఐటీఐ చేసిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కొందరు చాలు. లోడింగ్ పని ఎక్కువగా కాంట్రాక్టర్ల కిందే ఉంటుంది.

2012లో కోకాకోలా ఉద్యోగులు ప్రపంచం మొత్తం మీద సుమారు లక్షన్నర మంది. 2024 చివరికి 70 వేల లోపే. అందరినీ ఇంటికి పంపారని కాదు. చాలా దేశాల్లో బాట్లింగ్‌ను వేరే కంపెనీలకు అప్పగించారు, ఉద్యోగులూ వాళ్ల కిందికి వెళ్లారు. ఇండియాలోనూ అదే దారి. 2024 డిసెంబరులో తన బాట్లింగ్ వ్యాపారంలో 40 శాతం వాటాను జూబిలెంట్ భర్తియా గ్రూపుకు అమ్మేందుకు కోకాకోలా ఒప్పుకుంది. పెప్సీ సీసాలు ఇక్కడ ఎక్కువగా నింపేది వరుణ్ బెవరేజెస్. కాబట్టి పెద్ద కంపెనీలో ఉద్యోగం అని ఎవరైనా చెబితే, అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఎవరి పేరుందో, పీఎఫ్ ఎవరు కడతారో ముందు చూసుకోవాలి.

చిత్తూరు ప్రాంతానికి ఈ వ్యాపారంతో అసలు సంబంధం తోతాపురి గుజ్జుతోనే. మామిడి డ్రింకుల్లోకి వెళ్లేది అదే. జూన్, జూలైల్లో ఫ్యాక్టరీలు రాత్రింబగళ్లు నడుస్తాయి. కాయలు ఏరడం, కోయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. సీజన్ అయిపోతే పనీ అయిపోతుంది. పైగా ఈ గుజ్జును ఎక్కువగా కొనేవాటిలో సౌదీ, యెమెన్ ఉన్నాయి. అక్కడ కొనుగోళ్లు తగ్గితే దెబ్బ ఇక్కడి తోటకీ కూలీకీ తగులుతుంది. 2025లో పాత నిల్వలు మిగిలిపోయి కాయ ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అదే సెప్టెంబరులో గ్యాస్ డ్రింకులపై పన్నును 40 శాతం దగ్గరే ఉంచి, పండ్ల గుజ్జు డ్రింకులపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. గుజ్జు ఫ్యాక్టరీలకు ఇది మంచి కబురే.

పన్ను పెంచితే ఉద్యోగాలు పోతాయని కంపెనీలు ప్రతి దేశంలోనూ అంటాయి. మెక్సికో 2014లో తీపి పానీయాలపై పన్ను వేసింది. తర్వాత అక్కడి పరిశోధకులు లెక్కలు చూస్తే ఉద్యోగాలు తగ్గినట్టు తేలలేదు.

సౌదీ కూడా 2017లో కూల్‌డ్రింకులపై 50 శాతం పన్ను వేసింది. అయినా గల్ఫ్‌లో మనవాళ్లకు ఈ రంగంలో దొరికే పని ఎక్కువగా వ్యాన్ సేల్స్: బండి నడపాలి, సరుకు దించాలి, డబ్బు వసూలు చేయాలి. లెక్కలో తేడా వస్తే జీతంలో కోస్తారా అన్నది ముందే అడగాలి. వీసాలో డ్రైవర్ అని ఉందా, ఆమిల్ అని ఉందా చూడాలి. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖత్ 2011 నుంచే ఉంది, కాబట్టి ఖాళీలు మునుపటిలా ఉండవు. రిజిస్టర్ అయిన ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి ఫీజు తీసుకోకూడదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు.