విషం లేని కాటు కూడా గాయమే

కృష్ణానది సముద్రంలో కలిసే ఈ దిగువ డెల్టాలో మనిషికీ పాముకూ ఒకటే దారి. వరిచేల గట్లు, చేపల చెరువులు, మడ అడవులు, గిలకలదిండి హార్బరులో ఒడ్డుకు చేరే వలలు ఈ రెండు ప్రాణులనూ తరచు ఎదురెదురుగా నిలుపుతాయి. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు వరుసగా జరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు తరలివచ్చిన సంగతి ఈ ప్రాంత కుటుంబాలకు తెలిసినదే. అలాంటి సమయాల్లో విషసర్పాల గురించి ఎంతో చర్చ జరుగుతుంది. కాని జెర్రిపోతు, కొండచిలువ వంటి పెద్ద పాములు కరిచినప్పుడు మాత్రం "విషం లేదుగా, ఏమీ కాదు" అని వదిలివేయడం మన అలవాటు. ఆ అలవాటులో రెండు ప్రమాదాలు దాగి ఉన్నాయి.

మొదటి ప్రమాదం గుర్తింపులో ఉంది. చీకట్లో కాలికి తగిలినది జెర్రిపోతో, నాగుపామో నిర్ధారించగలవారు అరుదు. రెండు గాట్లుంటే విషమని, ఎక్కువ గాట్లుంటే విషం లేదని చెప్పే లెక్కను నమ్మరాదు. కట్లపాము కాటు వేస్తే నొప్పి గాని, గాటు గాని కనబడకపోవచ్చు. తోక తెడ్డులా చదునుగా ఉండే సముద్రపు పాము వలలో చిక్కి కరిచినా మొదట నొప్పి తెలియదు. తరువాత ఒళ్లంతా కండరాల నొప్పులు, నల్లబడిన మూత్రం కనిపిస్తాయి. మన దేశంలో లభించే విష విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషానికే తయారైనది. సముద్రపు పాము విషానికి అది పనిచేయదు. అక్కడ శ్వాసను, మూత్రపిండాలను కాపాడే ఆసుపత్రి వైద్యమే ఆధారం.

కాబట్టి పాము ఏదో ఖచ్చితంగా తెలియనప్పుడు దానిని విషసర్పంగానే భావించాలి. గాయాన్ని కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించరాదు, రుద్ది కడగరాదు. ఉంగరాలు, గాజులు, కాలి పట్టీలు తీసివేయాలి. కాటు పడిన కాలును గాని, చేతిని గాని కదలకుండా ఉంచి, 108 వాహనాన్ని పిలిచి, గిలకలదిండి వారైతే పక్కనే ఉన్న మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. రక్తం 20 నిమిషాలలో గడ్డకడుతుందో లేదో అక్కడ పరీక్షిస్తారు. విష లక్షణాలు లేకపోయినా 24 గంటలు పరిశీలనలో ఉంచడం మంచిది.

రెండవ ప్రమాదం గాయంలోనే ఉంది. కొండచిలువకు విషపు కోరలు లేవు గాని, పై దవడలో నాలుగు వరుసలు, కింది దవడలో రెండు వరుసల పళ్లుంటాయి. అవి సూదుల్లా సన్నగా, లోపలికి వంగి ఉంటాయి. అందువల్ల అది పట్టుకున్నప్పుడు చేతిని వెనక్కి లాగితే చర్మం చీలిపోతుంది, పళ్లు విరిగి లోపలే మిగిలిపోతాయి. పెద్ద పాము చుట్టుకుంటే ఒక్కరే పెనుగులాడకుండా మరొకరిని పిలిచి, తోక వైపు నుండి చుట్లు విప్పించాలి. తలను ముందు కొద్దిగా ముందుకు నెట్టి, ఆ తరువాత విడిపించాలి.

అది విషంలేని పామని నిస్సందేహంగా తెలిసినప్పుడు మాత్రం గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. శుభ్రమైన గుడ్డతో అదిమి రక్తం ఆపాలి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టరాదు. పాము నోట్లో ఉండే సూక్ష్మజీవులు లోతైన గాట్లలో చేరి చీము పట్టిస్తాయి. అందుచేత అదే రోజు వైద్యునికి చూపించి, విరిగిన పళ్లు ఉన్నాయేమో పరీక్షింపజేసి, ధనుర్వాతం టీకా సంగతి అడగాలి. తరువాతి రోజుల్లో ఎరుపు పాకినా, వాపు, వేడి, చీము, జ్వరం కనిపించినా ఆలస్యం చేయరాదు. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

ఇక పెంపకం విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన కొండచిలువ మొదటి షెడ్యూలు జీవి. దానిని పట్టడం, ఇంట్లో ఉంచడం నేరం. వీడియోల కోసం దానిని మెడలో వేసుకునే యువకులకు ఇంటి పెద్దలు ఈ మాట చెప్పాలి. విదేశాల్లో ఉన్న మన బంధువుల ఇరుగుపొరుగున పెంపుడు కొండచిలువలు ఉండవచ్చు. వాటిని తాకిన పిల్లలు చేతులు కడుక్కోవాలి. పాకే జీవుల శరీరంపై సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలను వాటికి దూరంగా ఉంచడమే క్షేమం.

పాముకాటు అనగానే కొన్ని ఇళ్లలో తావీజు కోసం, ఊదించడం కోసం పరుగులు తీస్తారు. విషపు కాటుకు గురైన ఒక తెగ నాయకునిపై సహాబాలు ఫాతిహా సూరా పఠించిన సంఘటన హదీసుల్లో ఉంది. దువా మన బలం. అయితే చికిత్స చేయించుకోవాలని బోధించినవారు కూడా దైవప్రవక్త (స)యే. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌పై భారం వేయడమే తవక్కుల్ అని ఆయన నేర్పారు. దువాను ఆసుపత్రికి వెళ్లే వాహనంలోనూ చేయవచ్చు. ఊదించేవారి గుమ్మం ముందు గడిచిపోయిన గంట మాత్రం తిరిగి రాదు. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఇంట్లో ఎవరికి కాటు పడినా ముందు ఆసుపత్రి దారి పట్టడం ఆ అమానత్‌ను కాపాడుకోవడమే.